చెప్పకుండా వెళ్ళని మనిషి

మొన్న మా అపార్ట్‌మెంట్ వాళ్ళ ఫోన్ గ్రూపులోంచి నాలుగో అంతస్తు ఆయన వెళ్ళిపోయాడు. ఎందుకో తెలియదు. నీళ్ళ ట్యాంకర్ గురించి వాదన జరుగుతోంది. మధ్యలో బూడిదరంగు అక్షరాల్లో ఒక చిన్న వాక్యం వచ్చింది, ఫలానావారు వెళ్ళిపోయారని. ఎవరూ ఏమీ అనలేదు. వెంటనే ఇంకెవరో గులాబీ పువ్వు మీద మంచుచుక్క ఉన్న శుభోదయం బొమ్మ పెట్టారు, అప్పటికి మధ్యాహ్నం దాటింది. నేను ఫోను పక్కన పెట్టి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. అలాంటి వాక్యం చూసినప్పుడల్లా బాన్సువాడలో ఒక మనిషి మెట్లపైనుంచి పిలవడం నాకు వినిపిస్తుంది. "ఏందయ్యా, చెప్పకుంటనే పోతవా?" ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పిలుపు మాత్రం నన్ను వదలడం లేదు.

నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు. మా వైపు పరిచయమైన కాసేపటికే ఎవరికో ఒకరికి అన్నో బావో అయిపోతాం, అలా ఆయనకు తమ్ముణ్ణయ్యాను. బస్టాండు రోడ్డులో, బట్టల కొట్టు మీద ఆయన గది. తొంభైల్లో అది ఎస్టీడీ బూతు. పిట్లం నుంచి, నస్రుల్లాబాద్ నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి దుబాయిలో, మస్కట్‌లో ఉన్న మగవాళ్ళతో మాట్లాడేవారు. సరిగ్గా ముఖ్యమైన మాట దగ్గరికి వచ్చేసరికి లైను తెగిపోయేది. మూగబోయిన రిసీవర్‌ని చెవికే ఆనించుకుని ఆ మనిషి అలాగే నిలబడితే ఆయన చూడలేకపోయేవాడు. మళ్ళీ నంబరు కలిపి, ఉంటనని ఒక్క మాట చెప్పి పెట్టెయ్యమని ఫోను చేతికిచ్చేవాడు. మీటరు తిరుగుతుంటే గోడవైపు చూస్తూ కూర్చునేవాడు.

ఫోన్లు అందరి జేబుల్లోకీ వస్తున్న రోజుల్లో బూతు తీసేసి కంప్యూటర్లు పెట్టాడు. మెట్ల మొదట్లో బోర్డు రాయించాడు: "ప్రపంచం పైన ఉంది. చెప్పులు కింద విడువుము." వదిన, అంటే ఆయన భార్య, ప్రతి మానిటర్‌కూ కుచ్చులు పెట్టి గలీబు కుట్టింది. అవి కప్పి ఉన్నప్పుడు చూస్తే గది నిండా పెళ్ళికూతుళ్ళు తలవంచుకుని కూర్చున్నట్టుండేది. పొద్దున షట్టరు ఎత్తగానే గోడవారనున్న తన మిషన్‌కు ఊదుబత్తి చూపించి, గలీబు మడిచి ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు స్విచ్చి వేసేవాడు. మోడెం లైను పట్టుకునేదాకా గోల గోలగా అరుస్తుంది కదా, అంతసేపూ వేలెత్తి అందరినీ ఊరుకోమనేవాడు. మనం మాట్లాడితే లైను బెదిరిపోతుందని ఆయన నమ్మకం. ఈ నమ్మకం తప్పని నిరూపించడానికి నేనొకసారి గట్టిగా దగ్గాను. లైను నిజంగానే తెగింది. ఆ తర్వాత నా కంప్యూటర్ చదువుకు ఆయన దగ్గర విలువ లేకుండా పోయింది.

చాటింగ్ నేర్పింది మాత్రం నేనే, డిగ్రీ సెలవుల్లో. ఆ రోజుల్లో చాట్ రూములోకి అడుగు పెడితే ముందు వయసు, తర్వాత ఆడా మగా, ఆ తర్వాత ఊరు అడిగేవారు. ఆయనకది నచ్చలేదు. పోలీసు స్టేషన్లో కూడా ముందు కూర్చోమంటారు గదా అన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో "అన్నం తిన్నవా" అని కొట్టాడు. రూములో ఉన్న ప్రపంచం కాసేపు ఆగింది. ఒకడెవడో అది కొత్త రకం బూతు అనుకుని పాత రకం బూతు తిట్టాడు. ఈయనకు కోపం రాలేదు, తినలేదేమో పాపం అన్నాడు.

కోపం వచ్చేది ఒక్క దానికే. మాట్లాడుతూ మాట్లాడుతూ అవతలి మనిషి మాయమైతే. "గిట్ల చెప్పకుంట లేసిపోతరా మనుషులు? గది ఫోను గాదు తమ్మీ, గది పేరే రూము. రూములకెల్లి లేసెటప్పుడు చెప్పాలె గదా." అందుకని ఆయన లేచేటప్పుడు రూములో ఉన్న ప్రతి మనిషికీ విడివిడిగా "పోయొస్త" అని కొట్టేవాడు. ఒక్కవేలితో అక్షరం అక్షరం వెతుక్కుని, టర్కీవాడికీ కొరియావాడికీ కూడా. ఆ తతంగం అయ్యేసరికి బయట ఎదురు చూసేవాళ్ళు పోట్లాటకు వచ్చేవారు. సెంటర్‌కు వచ్చినవాళ్ళ విషయంలోనూ అదే చాదస్తం. చెప్పకుండా మెట్లు దిగితే పైనుంచి పిలిచేవాడు. ఒకసారి నేను బోధన్ బస్సెక్కి కూర్చున్నాక రోడ్డు దాటి వచ్చి కిటికీలోంచి చెప్పించుకుని పోయాడు. పక్కనున్న చౌరస్తాలో పాన్‌కి వెళ్ళినా ఇంట్లో వదినకు పోయొస్త అనాల్సిందే. ఆమె నవ్వేది, గీ చౌరస్తకు గూడ ఇంత సంబరమా అని.

ఆయన అసలు శత్రువు కరెంటు. మా దగ్గర వరి పొలాల మోటార్లకు పెట్టే కోతలో ఊరికి పెట్టే కోత కలిసిపోయేది, కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పోయినప్పుడు కుర్రాళ్ళందరూ ఉసూరుమని లేచి చెప్పులు వెతుక్కునేవారు. ఆయన మాత్రం నల్లబడిన తెర ముందు చేతులు నలుపుకుంటూ కూర్చునేవాడు. "అంతమంది ఏమనుకుంటరో. చెప్పకుంట లేసిపోయిండనుకుంటరు." వచ్చేదాకా భోజనానికి కదిలేవాడు కాదు. రాగానే ఒక్కొక్కరి దగ్గరికీ పోయి తనకొచ్చిన ఇంగ్లీషులో సంజాయిషీ ఇచ్చుకునేవాడు. "కరెంట్ గాన్. ఐ నో గో." చాలామంది అప్పటికే వెళ్ళిపోయి ఉండేవారు. ఫిలిప్పీన్స్‌లో ఎక్కడో ఒక టీచరమ్మ మాత్రం ఉండేది. వాళ్ళూ మూడు పూటలా అన్నమే తింటారట, అందుకని మొదటి రోజే అన్నం తిన్నవా అన్న మాటకు ఆమె తిరిగి తిన్నావా అని అడిగిందట. ఇగ ఆమె ఇంటి మనిషి అయిపోయింది. నిజాంసాగర్ కాలువ నీళ్ళు విడిచారా లేదా, నాట్లు పడ్డాయా లేదా ఆమెకు మాకన్నా ముందు తెలిసేది. ఆమెకు ఈయన భయ్యా. పోయొస్త అనడం కూడా నేర్పేశాడు.

నేను హైదరాబాద్ వచ్చి కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేట హాస్టల్లో చేరాక ఒక్కసారి నన్ను చూడ్డానికొచ్చాడు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సిటీ బస్సులో పక్కన కూర్చున్నాయనకు దిగేటప్పుడు "పోయొస్త మరి" అన్నాడు. ఆ పెద్దమనిషి ఉలిక్కిపడి ముందు జేబు తడుముకున్నాడు. ఇరానీ హోటల్లో కౌంటర్ దగ్గర కూర్చున్నాయనకు చెప్పాడు, లిఫ్టు అబ్బాయికి చెప్పాడు, ఆటో అతనికి చెబితే అతను మీటరు మీద ఇంకా ఇవ్వాలన్నాడు. మా హాస్టల్ వరండాలో అటూ ఇటూ మూసి ఉన్న తలుపుల్ని చూసుకుంటూ నడిచి, పక్క గదిలో ఎవరుంటారని అడిగాడు. తెలియదన్నాను. ఎన్నాళ్ళయిందన్నాడు. చెప్పాను. బస్సెక్కేటప్పుడు అన్నాడు. "నీ హైదరాబాదు గూడ చాట్ రూమే తమ్మీ. అండ్ల నయం, తలుపు సప్పుడన్న ఇనొస్తది."

తలుపు చప్పుడంటే చాటింగ్ కోసం కంప్యూటర్లో పెట్టుకునే మెసెంజర్‌ది. మనకు తెలిసినవాళ్ళు ఎవరైనా కంప్యూటర్ ముందుకొస్తే టక్‌టక్‌మని తలుపు తట్టిన చప్పుడు, పోతే తలుపు వేసిన చప్పుడు వచ్చేది. పేరు పక్కన ఒక గుండ్రటి ముఖం, మనిషి ఉంటే పసుపురంగులో నవ్వుతూ, లేకపోతే బూడిదరంగులో. నాకు ఉద్యోగం వచ్చాక ఆఫీసులో రోజంతా మా పని ఒకళ్ళ ముఖం ఏ రంగులో ఉందో ఇంకొకళ్ళు చూసుకోవడమే. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి కూడా టీకి పోదామా అని మెసెంజర్‌లో అడిగేవాడు. పోదామని నేను మెసెంజర్‌లోనే చెప్పేవాణ్ణి. ఇద్దరం లేచి మాట్లాడుకోకుండా టీ తాగి వచ్చేవాళ్ళం. ఆ నవ్వు ముఖాలన్నిటిలో పొద్దున పదింటికి వెలిగే అన్న ముఖమొక్కటే నాకు నిజంగా ఎవరో వచ్చినట్టనిపించేది. పలకరింపు మారలేదు, అన్నం తిన్నవా.

ఆయన చావు కూడా కరెంటు కోసమే. ఎంతకాలమని జనానికి సంజాయిషీలు చెబుతానని, పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీ తేవడానికి బండి మీద నిజామాబాద్ పోయాడు. తిరిగి వస్తుంటే నస్రుల్లాబాద్ దగ్గర, సందె చీకట్లో, వెనక లైటు లేకుండా నిలిపి ఉన్న చెరుకు ట్రాక్టర్. వెనక తాడుతో కట్టిన బ్యాటరీకి ఏమీ కాలేదు. ఎవరో భద్రంగా తెచ్చి ఇంట్లో పెట్టారు. నేను పోయేసరికి అది వాకిట్లో గోడకానించి ఉంది, దాని మీద ఎవరో చెంబు పెట్టారు. చావు జరిగిన ఇంట్లో పోయొస్తమని అనకూడదు కాబట్టి వచ్చినవాళ్ళంతా కాసేపు కూర్చుని, కండువా దులుపుకుని, చెప్పకుండా లేచి పోతున్నారు. నేనూ అలాగే లేచాను. వీధి మలుపు దాకా ఆయన వెనక నుంచి పిలుస్తాడేమోనని ఆగి ఆగి నడిచాను. ఎవరూ పిలవలేదు.

ఆఫీసుకు తిరిగి వచ్చాక కొన్నాళ్ళకు, పొద్దున పదింటికి, టక్‌టక్‌మంది. అన్న పేరు పక్కన ముఖం పసుపురంగులో నవ్వుతోంది. ఎవరో ఆయన పేరుతో కూర్చున్నారనుకుని "ఎవరు?" అని కొట్టాను. జవాబు లేదు. సాయంత్రం దాకా ఆ ముఖం అలాగే నవ్వింది. మర్నాడు మళ్ళీ పదింటికి తలుపు చప్పుడు. నాకు కారణం తెలుసు, కంప్యూటర్లు చదువుకున్నవాణ్ణి. పాస్‌వర్డ్ ప్రతిసారీ వెతుక్కుంటూ కొడుతున్నాడని, మిషన్ వేయగానే దానంతటదే తెరుచుకునేట్టు నేనే పెట్టిచ్చాను. ఎవరో మిషన్ వేస్తున్నారు, అంతే. తెలిసి ఏం లాభం? పదవుతుంటే ఆ చప్పుడు వస్తుందేమోనని భయపడేవాణ్ణి. కొన్నాళ్ళకు భయం తిరగబడింది. ఏదో ఒక రోజు ఆ చప్పుడు రాదేమోనని భయపడటం మొదలైంది. చుట్టూ అంతమంది, హైదరాబాదంతా నా చుట్టూ, నేను మాత్రం బాన్సువాడలో బతికి లేని మనిషి కోసం తలుపు వైపు చెవి పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆ దసరా దాటాక వదిన ఫోను చేసింది. సెంటర్ తనే తెరుస్తోందట. పిట్లంలో ఉన్న తన తమ్ముడు కంప్యూటర్లన్నీ అమ్మేసి ఆ గదిలోనే సెల్ ఫోన్ల దుకాణం పెడదామంటున్నాడట, ఆదివారం కొనే మనిషిని తీసుకుని వస్తాడట. ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు. "గని తమ్మీ, ఆయన మిషన్ల రోజు తలుపు సప్పుడైతది. ఎవరో వస్తుండ్రు, పోతుండ్రు. నాకు గా ఇంగ్లీషు రాదు. వాండ్లు తీస్కపోకముందే నువ్వొచ్చి జర చూడు."

శనివారం మధ్యాహ్నం పోయాను. చెప్పులు కింద విడిచి మెట్లెక్కాను. కరెంటు లేదు, గదిలో మిగతా మిషన్లన్నీ గలీబులు కప్పుకుని ఉన్నాయి. గోడవారనున్న ఒక్కటి మాత్రం వెలుగుతోంది, దాని కింద ఆ బ్యాటరీకి తగిలించిన ఇన్వర్టర్ సన్నగా గుయ్యిమంటోంది. ఊదుబత్తి వాసన. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదని చూడగానే అర్థమైంది. వదిన పక్కన స్టూలు మీద కూర్చుంది. నన్ను ఆ కుర్చీలో కూర్చోమంది. కూర్చోకుండా నిలబడే చెప్పాను. మిషన్ వేయగానే అన్న పేరు వెలుగుతుందని, హైదరాబాదులో నాకు రోజూ కనిపిస్తుందని.

"ఎట్ల కనిపిస్తది?"

"పసుపుపచ్చ మొకం వదినా. నవ్వుతున్నట్టు."

ఆమె తెర వైపు చూసింది. తెర మీద ఆయన ముఖమేమీ లేదు, చిన్న చిన్న అక్షరాల డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"బందు చేస్తే?"

బూడిదరంగులోకి మారుతుందని, మళ్ళీ ఎవరైనా తెరిస్తే తప్ప అలాగే ఉంటుందని చెప్పాను. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. ఆ తర్వాత ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"గా దినం నాకు చెప్పలే తమ్మీ. నల్లా వచ్చింది, నేను ఎనక బిందెలు పెడుతున్న. బండి సప్పుడు ఒక్కటే ఇన్న. దునియకంత చెప్పెటోడు, నాకు చెప్పకుంటనే పాయె. కోపముండెనా, యాది మరిసెనా? రోజు గిదే ఫికర్."

నేను ఆయన కుర్చీలో కూర్చుని డబ్బాలు ఒక్కొక్కటే తెరిచాను. టర్కీవాడు రెండుసార్లు పలకరించి ఊరుకున్నాడు. నేను కొట్టిన "ఎవరు?" కూడా ఉంది, దాన్ని గబుక్కున మూసేశాను. అన్నిటికన్నా అడుగున టీచరమ్మది ఉంది. అదొక పొడుగాటి డబ్బా. ముందు అన్నం తిన్నవా భయ్యా అని అడిగింది. కాసేపాగి "కరెంట్ గాన్?" అంది. మర్నాడు మళ్ళీ అదే. ఆ మర్నాడూ అదే. వారాల తరబడి రోజుకోసారి వచ్చి అదొక్క మాట అడిగి వెళ్ళింది. ముఖం పసుపురంగులో వెలుగుతూ కనిపిస్తున్నా, జవాబు రాకపోతే ఆమెకు తోచిన కారణం అదొక్కటే. చివరిది ఆ పొద్దుటిది. చాలా పెద్ద కరెంటు కోత, నేను ఇక్కడే ఉంటాను అని రాసింది.

అంతా వదినకు చదివి చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది.

"ఇన్ని దినాలసంది కరెంటే పోయిందనుకుంటుందా?"

"అవు వదినా."

"చెప్పకుంట పోడని ఆమెకు గూడ ఎరుకనే గదా." కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "నిజమే తమ్మీ. కరెంటే పోయింది. రాంగనే చెప్తుండె." కాసేపటికి తెర వైపు గడ్డం చూపింది. "చెప్పు ఆమెకు. ఎన్ని దినాలు కూసుంటది."

ఎలా చెప్పాలో తెలియక నాలుగుసార్లు రాసి తుడిపేశాను. చివరికి మామూలు మాటల్లో, భయ్యా చనిపోయాడని, నేను తమ్ముణ్ణని, పక్కన ఆయన భార్య ఉందని రాశాను. అవతల ఆమె ఉంది. రాస్తున్నట్టు కింద గుర్తు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వచ్చి మళ్ళీ ఆగింది. వదిన ఊపిరి బిగబట్టి చూస్తోంది, మోడెం అరిచేటప్పుడు అన్న కూర్చున్నట్టే. చివరికి తెర మీద రెండే మాటలు వచ్చాయి, ఆయన నేర్పిన అక్షరాల్లోనే. "పోయొస్త భయ్యా."

చావింట్లో అనకూడని మాట. ఆమెకు ఆ పట్టింపు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన మనిషి లేడు. అనువాదం అక్కర్లేని మాట కాబట్టి దాచలేకపోయాను, చదివేశాను. ఆ గదిలోకి, ఆ ఇంట్లోకి అన్నాళ్ళుగా ఎవరూ తీసుకురాని మాట అది. వదిన కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి.

"పోయిరా," అంది. టీచరమ్మకు అన్నదో ఇంకెవరికి అన్నదో నాకు తెలియదు, అడగలేదు. "కొట్టు తమ్మీ, ఆయన కొట్టినట్టే కొట్టు," అంది తర్వాత. ఒక్కవేలితో "పోయొస్త" అని కొట్టాను. అవతల తలుపు వేసిన చప్పుడు వచ్చింది.

ఇగ బందు చెయ్యమంది. తనే వంగి బ్యాటరీ తీగ తీసింది. గుయ్యిమనే చప్పుడు ఆగిపోయాక గది ఎంత నిశ్శబ్దంగా ఉందో, కింద బట్టల కొట్టులో గజం కర్రతో గుడ్డ కొలుస్తున్న చప్పుడు కూడా వినిపించింది. ఆమె గలీబు దులిపి, కుచ్చులు సరిచేసి మానిటర్ మీద కప్పింది. నేను తల వంచుకుని, చావింటి అలవాటు ప్రకారం చెప్పకుండానే లేచి మెట్లు దిగాను. కింద ఒక కాలికి చెప్పు తొడిగాను, రెండో చెప్పు కోసం వెతుకుతున్నాను.

"ఏంది తమ్మీ, చెప్పకుంటనే పోతవా?"

మెట్ల పైన వదిన నిలబడి ఉంది, ఒక చెయ్యి షట్టరు మీద పెట్టి, సరిగ్గా ఆయన నిలబడే చోట. ఒంటి చెప్పుతోనే రెండు మెట్లు పైకెక్కాను.

"పోయొస్త వదినా," అన్నాను.